వంటింటి గుమ్మంలో వస్తాదు

బాక్సింగులో బరువుల లెక్క మహా పాపిష్టిది. కొండంత మనుషులకి ఒక వర్గం, పిట్టంత మనుషులకి ఒక వర్గం, నడిమధ్య వాళ్ళకి మిడిల్ వెయిట్. మధ్యలో ఉంటే సుఖమే కదా అనుకుంటారు తెలియనివాళ్ళు. డెబ్భై రెండున్నర కిలోలు దాటితే రింగులోకి రానివ్వరు. మన వస్తాదుకి దేవుడిచ్చిన బరువేమో ఎనభై. ఆ రెంటి మధ్య ఉన్న కండ కోసం అతను ఏళ్ళ తరబడి కడుపు మాడ్చుకున్నాడు. అందుకే అందరూ అతన్ని 'పస్తుల వస్తాదు' అనేవాళ్ళు. గెలిచినా అదే పేరు, ఓడినా అదే పేరు.

పై వర్గంలో ఆడుకోవచ్చుగా అని ఎవరైనా అడిగితే కోచ్‌కి ముక్కు మీదికి కోపం వచ్చేది. "పై వర్గంలో అందరూ తాటిచెట్లు. వీడి చెయ్యి వాళ్ళ గడ్డం దాకా పోదు. ఇక్కడైతే వీడి ఎడం చేతికి ఎదురు లేదు. కాబట్టి తిండి తగ్గించాలి, అంతే" అనేవాడు. ఈ మాట చెప్పే కోచ్ బొజ్జ మాత్రం ఆయనకంటే ముందు గదిలోకి వచ్చేది. శిష్యుడు రబ్బరు చొక్కా వేసుకుని చెమటలు కక్కుతూ పరిగెడుతుంటే, ఈయన సైకిల్ మీద పక్కనే వస్తూ కాగితం పొట్లంలోంచి వేయించిన బంగాళాదుంపలు తినేవాడు. పైగా ఒక నియమం. ప్రాక్టీసు హాల్లో 'ఆకలి' అన్న మాట ఎవరి నోటా రాకూడదు. "అనుకుంటేనే అది ఉంటుందిరా. నోట్లోంచి బయటికి రానిచ్చావో, వెనక్కి పోయి కడుపులో కూర్చుంటుంది." అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అచ్చం అలాంటి మనిషి. అయినా వస్తాదు ఆయన మాట జవదాటలేదు. ఆ మాట హాల్లోనే కాదు, ఇంట్లో కూడా అనడం మానేశాడు.

మొదట్లో పోటీల మీద వచ్చేది చాలక వస్తాదు ఒక నూలు మిల్లులో బస్తాలు మోసేవాడు. క్యాంటీన్‌కి సరుకులు దించి, పని అయిపోయాక కూడా వెనక తలుపు దగ్గర కళ్ళు మూసుకుని నిలబడేవాడు. లోపల వంట చేసే అమ్మాయి రెండు మూడు సార్లు చూసి, ఒకనాడు ఉండబట్టలేక గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"బస్తాలు దించేశారుగా. ఇంకా ఏం కావాలండీ?"

"ఏం వద్దండి. ఆ ఉల్లిపాయలు ఇంకాస్త వేగనివ్వండి."

"మీకెలా తెలుసు ఉల్లిపాయలని?"

"ఇంకా పచ్చి వాసన పోలేదు. అంచులు కాస్త నల్లబడాలి. వెల్లుల్లి మాత్రం దంచి వేశారు, తరగలేదు. అది బాగుంది."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. పొయ్యి ఎక్కడో అవతలి గోడ దగ్గర ఉంది. తలుపు దగ్గరి నుంచి మూకుడు అంచు కూడా కనపడదు. "మీరూ వంటవాళ్ళేనా?" అంది.

"కాదండి. పస్తులవాణ్ణి."

ఆమె నవ్వింది. "రండి, కూర్చోండి. పెడతాను."

"వద్దండి. శనివారం తూకం ఉంది. వాసన చాలు."

మిల్లు మొత్తానికి వండి వారుస్తున్నా, తన చేతి వంటని అంత శ్రద్ధగా పట్టించుకున్నవాడు ఆమెకి అంతవరకు తారసపడలేదు. తినేవాళ్ళు తినేసి చెయ్యి కడుక్కునేవాళ్ళు. ఇతను ముద్ద ముట్టకుండానే మూకుడులో ఏముందో వరస తప్పకుండా చెప్పేవాడు. ఏడాది తిరక్కుండా పెళ్ళయింది. ఆ వారమే పోటీ పడడంతో పెళ్ళికొడుకు విస్తరి ముందు కూర్చుని మంచినీళ్ళు తాగి లేచాడు. "మా పిల్లని మెచ్చాడు గానీ మా వంటని మెచ్చలేదమ్మా" అని అత్తగారు కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది. ఆ కోపం ఆవిడ పోయేదాకా పోలేదు.

కాపురం మూడో అంతస్తులో రెండు గదులు. వంటగదిలో ఒక మనిషి నిలబడితే రెండో మనిషి గుమ్మంలోనే ఉండాలి. వస్తాదు సాయంత్రం ప్రాక్టీసు నుంచి వచ్చి, చేతులకి చుట్టిన గుడ్డపట్టీలు విప్పుకుంటూ ఆ గుమ్మంలోనే నిలబడేవాడు. కళ్ళు మూసుకునేవాడు. ఆమె వెనక్కి తిరగకుండానే అడిగేది.

"ఊఁ, చెప్పండి."

"మిరియాలు ముందు వేయించి తర్వాత నూరావు. నిన్న అలా చెయ్యలేదు. మాంసం అడుగంటబోతోంది, కదుపు."

"అడుగంటలేదు."

"అంటబోతోంది అన్నాను."

కదిపి చూస్తే ఆ మాట నిజమే అయ్యేది. తర్వాత అతనికి ఉడకేసిన ఆకుకూర, ఆమెకి పళ్ళెం నిండా భోజనం. అతని ముందు తినాలంటే ఆమెకి ముద్ద దిగేది కాదు. "నువ్వు తినవే, నేను చూస్తా" అని బతిమాలేవాడు. "ఛాంపియన్ బెల్టు వచ్చిన మర్నాడు ఇదే పీట మీద కూర్చుని కడుపు పగిలేలా తింటా. నువ్వు వద్దనేదాకా లేవను."

"నేనెందుకు వద్దంటాను?" అనేది ఆమె.

పోటీ అయిపోయాకైనా తినొచ్చుగా అని మీకు అనిపించవచ్చు. పోటీ అయ్యాక దవడ వాచిపోయి ఉండేది. గంజి తప్ప ఏదీ మింగలేడు. ఆ వాపు దిగేసరికి కోచ్ ఇంకో పోటీ ఒప్పుకుని వచ్చేవాడు. సినిమా హాళ్ళలో, రేకుల షెడ్లలో, ఒకసారి వానకి ఆగిపోయిన సర్కస్ డేరాలో ఆడాడు. ఎదుటివాడి పక్కటెముకల మీద కుమ్మి కుమ్మి, వాడు చేతులు కిందికి దించాక ఎడం చేత్తో ముగించేవాడు. గెలిచినవే ఎక్కువ. పేపర్లో ఫొటో పడింది. బస్తాలు మోయడం మానేశాడు. బెల్టు దాకా రావడానికి ఒకే ఒక్కడు అడ్డం మిగిలాడు. ఒకప్పుడు లారీ నడిపి, తర్వాత రింగులోకి దిగినవాడు.

ఆ లారీవాడు మధ్య రౌండులో కింది నుంచి ఒకటి ఇచ్చాడు. ముక్కు పగిలింది. వెల్లకిలా పడేసరికి తల వెనకభాగం నేలకి కొట్టుకుంది. ఇంకొకడైతే అక్కడితో సరి. మనవాడు లేచాడు. లేచి, ముక్కునిండా రక్తంతో ఆడి, చివరికి వాణ్ణి పడగొట్టాడు. జనం భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. అతని బతుకులో అంత పెద్ద గెలుపు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

ముక్కులోంచి దూది తీసేసిన రోజు గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. ఏమీ రాలేదు. మూకుడు చుయ్యిమనడం వినపడుతోంది, ఆవిరి మొహానికి తగులుతోంది, అంతే. అద్దంలోంచి చూస్తున్నట్టుంది వంటగది.

"ఊఁ, చెప్పండి" అంది ఆమె, ఎప్పటిలాగే వెనక్కి తిరగకుండా.

వస్తాదు కళ్ళు తెరిచాడు. చెత్తబుట్టలో ఉల్లిపొట్టు, గట్టు మీద వెల్లుల్లి తొక్కలు కనిపించాయి. "వెల్లుల్లి దంచి వేశావు" అన్నాడు.

రింగులో ఎన్నడూ దొంగదెబ్బ కొట్టనివాడు ఆ రోజు నుంచి ఇంట్లో దొంగాట మొదలుపెట్టాడు. నెల గడిచినా మార్పు లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. తల అదిరినప్పుడు ముక్కు మొదట్లో ఉండే సన్నని నరాలు తెగుతాయని, కొందరికి వాసన తిరిగి వస్తుందని, ఏడాదిలో రాకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు.

"ఉప్పు తెలుస్తోంది కదండీ" అన్నాడు వస్తాదు.

"ఉప్పూ, తీపీ, పులుపూ నాలుక చూసుకుంటుంది. మిగతాదంతా ముక్కు పనే."

ముందు బెల్టు కోసం దాచాడు. తెలిస్తే భార్య రింగు మెట్లెక్కనివ్వదు. బెల్టు పోటీలో చివరి రౌండు దాకా నిలబడి పాయింట్ల మీద ఓడిపోయాడు. చేతికి అందిన కూడు నోటికి అందలేదు. అప్పుడైనా చెబుదామనుకున్నాడు. అప్పటికే ఎన్నో సాయంత్రాలు చెత్తబుట్టలోకి తొంగిచూసి బతికాడు. ఇప్పుడు చెబితే అవన్నీ అబద్ధాలని ఒప్పుకోవాలి. చెప్పలేదు.

ఇంకొన్నాళ్ళు ఆడాడు. కనుబొమ మీద గాయం కుట్టిన ప్రతిసారీ విచ్చుకోవడం మొదలుపెట్టాక, కోచ్ తానే అతని గ్లౌజులు తీసుకుని పెట్టెలో పెట్టేశాడు. బెల్టు రాకపోయినా మాట మాటే. ఆమె క్యాంటీన్‌కి సెలవు పెట్టి, తనకి తెలిసిన వంటలన్నీ వండింది. వస్తాదు పీట మీద కూర్చున్నాడు. ఎన్నేళ్ళుగా కలలో తిన్న భోజనం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మెత్తగా ఉంది, వేడిగా ఉంది, ఉప్పగా ఉంది. రెండో ముద్దా అంతే. ఆమె చేతిలో గరిటె పట్టుకుని అతని మొహంలోకే చూస్తోంది. "బ్రహ్మాండం" అన్నాడు. "ఉప్పు చక్కగా సరిపోయింది." మూడోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. వద్దన్నవాడు అతనే.

ఆ తర్వాత అతనికి లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం దొరికింది. జీవితమంతా కాటా ఎక్కినవాడు ఇప్పుడు లారీలని ఎక్కిస్తున్నాడని కోచ్ వేళాకోళమాడేవాడు. ఆట మానేసిన బాక్సర్లు పిప్పళ్ళ బస్తాల్లా తయారవుతారు. ఇతను మాత్రం డెబ్భై రెండు దాటలేదు, పైగా తగ్గాడు. ఒక ఆదివారం కోచ్ భోజనానికి వచ్చి మూడుసార్లు వడ్డించుకున్నాడు.

"ఇలాంటి వంట ఇంట్లో పెట్టుకున్నవాణ్ణి అన్నేళ్ళు కాటా ఎక్కించానంటే నేనెంత మొనగాణ్ణమ్మా" అన్నాడు.

"మీకు నచ్చింది సార్. ఆయనకి నచ్చదు" అంది ఆమె నెమ్మదిగా. "మాడిన కడుపుతో గుమ్మంలో నిలబడి ఏదో గొప్పగా ఊహించుకున్నారు. ఆకలి రుచెరుగదంటారు కదా. ఆకలి తీరాక తెలిసినట్టుంది, నా వంట ఇంతేనని. అన్నేళ్ళు ఎదురుచూసింది దీనికోసమా అని ఉంటుంది పాపం."

కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటున్న వస్తాదు ఆ మాట విన్నాడు. రింగులో ఎంత పెద్ద దెబ్బ వచ్చేముందైనా ఎదుటివాడి భుజం కాస్త కదులుతుంది. ఇది ఏమీ కదలకుండా వచ్చి తగిలింది. వెళ్ళి చెప్పేద్దామని రెండడుగులు వేశాడు. తుండుతో చేతులు తుడుచుకుని, మళ్ళీ కుళాయి దగ్గరికే పోయాడు. అబద్ధం పాతబడేకొద్దీ బరువెక్కుతుంది, దాన్ని తగ్గించే పస్తు ఏదీ లేదు.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం ఆమె మాంసం పొయ్యి మీద పెట్టి, కింది అంతస్తులో కొత్తగా పిల్ల పుట్టిన ఇంటికి చూడ్డానికి వెళ్ళింది. "కాస్త కనిపెట్టి ఉండండి, అడుగంటితే కదపండి" అని చెప్పింది. వస్తాదు గుమ్మంలోనే నిలబడ్డాడు. నిజంగానే కనిపెట్టి ఉన్నాడు. గిన్నె మీద మూత ఉంది, మూత మీద ఆవిరి ఉంది, అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపించింది.

ఆమెకి రెండో అంతస్తు మెట్ల మీదే మాడు వాసన తగిలింది. పక్కవాటా వాళ్ళు తలుపులు తెరిచి చూస్తున్నారు. పరుగున వచ్చి చూస్తే, పొయ్యికి మూడడుగుల దూరంలో, గుమ్మానికి ఆనుకుని, మూత సందులోంచి లేచే పొగని ఆవిరిలా చూస్తూ, మొగుడు ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు 'అంటబోతోంది' అని ముందే చెప్పినవాడు.

ఆమె పొయ్యి ఆపింది. మూత తీసింది. లోపల అంతా బొగ్గు. అతని వైపు తిరిగింది.

"ఎప్పటి నుంచి?"

అడిగింది ఏమిటో అతనికి వెంటనే అర్థమైంది. "లారీవాడితో ఆడినప్పటి నుంచి."

"గెలిచారే ఆ రోజు."

"గెలిచాను."

"మరి ఆ తర్వాత రోజూ ఇక్కడ నిలబడి చెప్పింది?"

"తొక్కలు చూసి చెప్పాను."

"ఆ రోజు పీట మీద కూర్చుని తిన్నది?"

వస్తాదు తల దించుకున్నాడు. "నీ ముఖం చూస్తూ తిన్నాను" అన్నాడు.

ఆమె మాడిన గిన్నె తీసుకుని తోమడానికి కూర్చుంది. తోమినంతసేపూ ఏడ్చింది. "నా చెయ్యి చెడిందనుకున్నాను. మా అమ్మని కూడా తిట్టుకున్నాను, నాకు సరిగ్గా నేర్పలేదని. ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?" అంది. అతను పక్కనే నేల మీద కూర్చున్నాడు. రెండ్రోజుల పాటు ఆమె పళ్ళెం అతని ముందు పెట్టి పక్కగదిలోకి వెళ్ళిపోయేది.

మూడో రోజు సాయంత్రం వంటగదిలోంచి పిలుపు వచ్చింది.

"ఇటు రండి. మీ చోట నిలబడండి."

వెళ్ళి నిలబడ్డాడు.

"కళ్ళు మూసుకోండి. తొక్కలు చూడకండి."

మూసుకున్నాడు. ఆమె వెనక్కి తిరగలేదని గొంతుని బట్టి తెలిసింది.

"నూనె కాగింది. ఉల్లిపాయలు వేశాను. ఇంకా పచ్చి వాసనే. క్యాంటీన్ వెనక తలుపు దగ్గర నిలబడి నాకు వంకలు పెట్టారే, ఆ వాసన." గరిటె మూకుడు అంచుకి తగిలిన చప్పుడైంది. "ఇప్పుడు తియ్యగా వస్తోంది. కాస్త ఆగితే అంచులు నల్లబడతాయి. ఆఁ, వచ్చింది. మీకిష్టమైంది ఇదే. వెల్లుల్లి వేస్తున్నాను, దంచిందే. ఒక్కసారి ఘాటుగా లేచి గదంతా పట్టేసింది. మీ చొక్కాకి కూడా పడుతుంది, రేపు కాటా దగ్గర అందరికీ తెలుస్తుంది మీ ఇంట్లో ఏం వండారో. మాంసం వేశాను. ఇప్పుడు వాసన కిందికి దిగింది, బరువైంది. మిరియాలు చివర్లో. వేయించి నూరాను."

ఆమె చెబుతూనే ఉంది. మిల్లు వెనక తలుపు, భుజం మీద బస్తా నలుసులు, గరిటె పట్టుకుని బయటికొచ్చిన అమ్మాయి, ఒక్కొక్కటే వస్తాదు దగ్గరికి వచ్చాయి. ముక్కుకి ఏమీ రాలేదు. అది ఇక రాదు. కానీ కడుపులో ఎక్కడో, ఎన్నో ఏళ్ళుగా చప్పుడు లేని చోట, ఏదో మెలిపెట్టింది. నోట్లో నీళ్ళూరాయి. అతను గుమ్మం చెక్కని గట్టిగా పట్టుకున్నాడు.

"ఆకలేస్తోందే" అన్నాడు.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో అతని నోట ఆ మాట రాలేదు. ఆమె చేతిలో గరిటె ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

"ఇంకా ఉడకలేదు. ఆగండి" అంది.