ఉత్ప్రేరకం వేయని రోజు వచ్చిన 58

2016 జులై 4న మా విశ్వవిద్యాలయంలో పాలిమర్ ప్రయోగశాల బాధ్యత నాకు అప్పగించారు. తార్నాకలోని మా ఇంటి నుంచి నడిస్తే పద్దెనిమిది నిమిషాలు. చెరకు పిప్పిలోని చక్కెర నుంచి తీసిన ద్రవ్యాన్ని ఆక్సిజన్‌తో కలిపి, ప్లాస్టిక్ సీసాల తయారీకి పనికొచ్చే ఆమ్లంగా మార్చడం మా పని. చర్య జరగడానికి ఉత్ప్రేరకం కావాలి. మా ప్రయోగశాలలో మిగతావాళ్లు ప్లాటినం వాడేవారు. నా దగ్గర పరిశోధన చేస్తున్న గుంటూరు అమ్మాయి మెర్సీ, చవకైన ఇనుముతోనే నూటికి 62 పాళ్ల దిగుబడి చూపింది. ఆమె థీసిస్‌లో నాలుగో అధ్యాయం మొత్తం ఆ 62 మీదే నిలబడింది.

2018 మార్చి 9న, సమర్పణకు అయిదు వారాలుందనగా, బ్లాంక్ చేయమన్నాను. అన్నీ వేసి, ఉత్ప్రేరకం ఒక్కటి వేయకుండా నడపడం బ్లాంక్. సున్నా రావాలి. 58 వచ్చింది.

"పొరపాటున ఇనుము వేసేశానేమోనని సీసా మళ్లీ తూచానండి మేడమ్. మిల్లీగ్రాము కూడా తగ్గలేదు," అంది మెర్సీ.

మళ్లీ చేస్తే 31. ఆ తర్వాత సున్నా. నేనే చేశాను, 44. ఆక్సిజన్ సిలిండర్ మార్చాం, నీళ్లు మార్చాం. పదకొండు రోజులు నాకేమీ అర్థం కాలేదు.

పన్నెండో రోజు అటెండర్ యాదయ్యను బీడ్ తెమ్మన్నాను. పాత్ర అడుగున తిరుగుతూ ద్రవాన్ని కలిపే, టెఫ్లాన్ తొడుగున్న చిన్న అయస్కాంతం అది.

"తెల్లది తేవాల్నా మేడమ్, నల్లది తేవాల్నా?"

నల్లది ఏమిటని అడిగాను.

"మీరే గద, అందరివి ఒక్క గిన్నెల ఎయ్యమన్నది. ఎంత తోమినా కొన్నిటికి నలుపు పోతలేదు."

గిన్నెలో 23 బీడ్లున్నాయి. తొమ్మిదింటి తొడుగు మీద పడ్డ గీతల్లో ఎవరో వాడిన ప్లాటినం నల్లగా దిగి ఉంది. పొదుపు కోసం ఆ గిన్నె పెట్టించింది నేనే.

కొత్త బీడ్‌తో బ్లాంక్ సున్నా. కొత్త బీడ్‌తో మెర్సీ ఇనుము 6.

"అంటే ఇన్నాళ్లూ పనిచేసింది నా ఇనుము కాదు, మీ గిన్నె అన్నమాట," అంది. అవునన్నాను.

ఆమె 62 కొట్టేసి 6 రాసింది. థీసిస్ ఏడు నెలలు ఆలస్యమైంది. ఏ రోజు ఏ బీడ్ వేశారో ఎవరూ రాయలేదు కనుక, ఒకసారి 58, ఒకసారి 31 ఎందుకొచ్చాయో నేను ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను.

ఆ తర్వాత మనిషికొక బీడ్, దానికొక నంబరు. బ్లాంక్ మొదటి వారంలోనే. అది ఏడాది ముందే అడగవలసిన మనిషిని నేను. 62 బాగుందని అడగలేదు.