అక్క గోడ మీద నీలిగీత

మున్సిపల్ ఆఫీసులో ఆవిడ హోదా పట్టణ ప్రణాళికాధికారి. ఊళ్లో మాత్రం అందరూ నీలిరంగావిడ అంటారు. రంగుడబ్బా, కుంచె పట్టుకుని వీధులు తిరిగే అధికారిణిని వాళ్లు అంతకుముందు చూసి ఉండరు మరి.

సముద్రం ఏటా కాస్త కాస్తగా పైకొస్తోంది. మరో తరం నాటికి పెద్ద తుఫాను వస్తే నీళ్లు ఎందాకా వస్తాయో ఆఫీసులో లెక్కలు కట్టారు, పటాలు గీశారు, చేతులు దులుపుకున్నారు. జనం వచ్చి చూసి తలాడించి వెళ్లిపోయారు. పటంలో నీళ్లకు ఎవడు భయపడతాడు? అందుకే ఆవిడ ఆ ఎత్తును మోసుకొచ్చి ఇంటింటి గోడకీ ఎక్కించింది. లెవెల్ పరికరంతో చూసుకోవడం, గోడ మీద నీలిగీత గీయడం, అంతే. ఇంటాయన మొదట తాను దాని పక్కన నిలబడి చూసుకుంటాడు, తర్వాత పిల్లల్ని నిలబెట్టి చూస్తాడు. ఇక ఉపన్యాసాలతో పనిలేదు. ఆ ఆలోచనకు దండం పెట్టాల్సిందే.

సముద్రానికి అడ్డంగా ఊరంతటికీ గోడ కట్టడం అయ్యే పని కాదు. రేవుకీ ఆసుపత్రికీ గోడ కడతారు. మరీ పల్లంలో ఉన్న ఒక వీధిని ఖాళీ చేసి, నీళ్లు వచ్చి పోయే మైదానంగా వదిలేస్తారు. ఆ వీధివాళ్లకు గుట్ట మీద కొత్త ఇళ్లు. పై అధికారి చీటీలు తీసి ఇళ్లు పంచేద్దామన్నాడు.

"ఇళ్లయితే పంచుతాం సార్, ఇరుగుపొరుగుని ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాం? ఇక్కడ ఎవరి పక్కన ఎవరున్నారో అక్కడా వాళ్లే ఉండాలి" అని ఆవిడ పట్టుబట్టింది.

"సరే, వీధి మొత్తం ఒప్పుకుంటే అలాగే. ఒక్క ఇల్లు మొరాయించినా చీటీలే" అన్నాడాయన.

ఆ వీధిలోనే ఆవిడ అక్క ఇల్లుంది. అక్క దర్జీ. అమ్మ పోయాక ముందుగదిలో మిషను వేసుకుని, వచ్చినవాళ్లందరి బట్టలూ కుట్టి, చెల్లెల్ని ఇంజినీరింగ్ చదివించింది. ఆ ఇంటికి వెళ్లి, ఈ ఇల్లు ఇక ఉండదని ఏ మొహంతో చెప్పాలి? ఇవాళ కాదు రేపంటూ దాటేసింది. ఎంత గట్టి మనిషైనా ఎక్కడో ఒకచోట మెత్తబడుతుంది కదా. నీలిగీత వీధంతా నడిచి, అక్క గుమ్మం దగ్గర ఆగి, ఆ పక్క మంగలాయన గోడ మీద మళ్లీ మొదలైంది.

మంగలాయన ఊరుకునే రకం కాదు. "ఏమండోయ్! మీ అక్కగారిల్లు రాగానే సముద్రం పక్కకి తప్పుకుంటుందా ఏంటి?" అన్నాడు నలుగురిలో.

అందరూ గొల్లుమన్నారు. సాయంత్రానికి ఆ నవ్వు కాస్తా అనుమానమైంది. ఒప్పుకున్నవాళ్లు కూడా చూద్దాంలెమ్మని నసిగారు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే, వీధంతా చూస్తుండగా, రంగుడబ్బాతో అక్క ఇంట్లోకి వెళ్లింది. మంగలాయన చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

అక్క మిషను ఆపలేదు. "ఇప్పటికి తీరిందా?"

"అక్కా, అదీ..."

"వీధంతా వేసి నా గోడ వదిలేస్తే నాకు తెలీదనుకున్నావా? నాకు చెప్పడానికి కూడా భయమేనా?"

"నువ్వు నాతో మాట్లాడటం మానేస్తావేమోనని..." పై అధికారినే ఎదిరించిన మనిషి అక్క మొహంలోకి చూడలేక గోడవైపు తిరిగింది.

లెవెల్ చూసి ముందుగది గోడ మీద గుర్తు పెట్టింది. కుంచె తీసి, స్కేలు లేకుండానే గీయబోయింది.

"వంకర పోతుంది, ఇలా ఇవ్వు" అంటూ అక్క లేచింది. బట్ట కత్తిరించే ముందు చేసినట్టే, స్కేలు ఆనించి సుద్దతో గీసింది. దాని మీద నీలిరంగు పులిమింది. వీధి మొత్తంలో అంత తిన్నని గీత లేదు.

వెనక్కి జరిగి చూసింది. మిషను, కుర్చీ, కుట్టాల్సిన బట్టల మూట అన్నీ గీతకు కిందే ఉన్నాయి. కుర్చీలో కూర్చుని చూసింది. గీత తలకంటే పైనే ఉంది. మిషను చక్రం మీద చెయ్యి వేసింది.

"అక్కడ మిషను మీద వెలుతురు పడే కిటికీ ఉంటుందా?"

"ఉంటుందక్కా."

గుమ్మంలో మంగలాయన చేతులు విప్పాడు. "అక్కడ కూడా మీ పక్కిల్లు మాదేగా?" అని అడిగాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ రంగుడబ్బాకి మూత పెట్టింది. అక్క కుంచె కడుగుతూ తనే జవాబిచ్చింది. "మీది కాక ఇంకెవరిదయ్యా?"