పిట్ట తెచ్చిన రొట్టె

వయోజన విద్య పేరుతో సర్కారు పలకలు పంచిన రోజుల్లో, మా సుబేదారి వాడలో ఒక టీచరమ్మ ఇంటి వసారాలో నేను అక్షరాలు దిద్దాను. అప్పటికే నా కూతురికి ఇద్దరు పిల్లలు. సాయంత్రం వంట ఆలస్యమవుతోందని మా అత్తకు ఈ చదువు గిట్టలేదు. అమావాస్య దాటితే బడి బంద్ అని చెప్పేసింది. ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్లు మా ఇంట్లో లేరు.

ఆ వసారా గోడకు ఒక పాత పటం ఉండేది. ఎప్పుడో దొరల దేశంలో రాగిరేకు మీద సన్నటి గీతలు చెక్కి, సిరా పూసి అచ్చు తీసిన బొమ్మట. అందులో ఒక ముసలాయన. గడ్డంలో వెంట్రుకలు విడివిడిగా కనిపించేవి. ఒక చెంప మీద వెలుగు, రెండో చెంప చీకటి. ఆయన నోరు తెరుచుకుని పైకి చూస్తుంటే, ఒక కాకి ముక్కున రొట్టె పట్టుకుని ఉంది. కింద ఒక వరుస అక్షరాలు.

మా వాడ అంతా ఖాలా అని పిలిచే ముస్లిం ఆవిడ నా పక్కన కూర్చునేది. కాకి రొట్టె ఎత్తుకుపోతోందని, ముసలాయన దాన్ని తిడుతున్నాడని ఆమె వాదన. కాదు, రెక్కలు చూడు, దిగుతోందని నేను. కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లం.

ఒక సాయంత్రం అత్త నన్ను లాక్కుపోవడానికే వచ్చింది. వసారా ఎక్కి, పటం చూసి, ఆగిపోయింది.

అంతకు ముందు ఏడాది మా మామ పోయాడు. పిట్టకు పెట్టిన రోజు, అంటే పోయినవాళ్ల పేర కాకికి తిండి పెట్టే రోజు, ఆయనకు ఇష్టమైన మాంసం, కల్లు, బీడీ కట్టతో సహా విస్తరిలో పెట్టాం. చిన్న మనవరాలి పెళ్లి చేస్తామని, పొలం అమ్మబోమని ఒక్కొక్కరం దండం పెట్టి మాటిచ్చాం. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని చూశాయే తప్ప దిగలేదు. కాకి ముట్టకపోతే పోయినాయన ఆకలితో ఉన్నట్టే అంటారు; చివరికి ఆవుకు పెట్టి వచ్చాం. అప్పటినుంచి కాకి అరిస్తే చాలు, అత్త లోపలికి వెళ్లిపోయేది.

"ఈయనకు పిట్టనే తెచ్చిపెడ్తాందే," అంది అత్త.

ఆయన బైబిల్లో ఒక ప్రవక్త అని, కరువులో వాగు పక్కన దాక్కుంటే కాకులు రోజూ తిండి తెచ్చేవని టీచరమ్మ నెమ్మదిగా చెప్పింది. అత్త అంతా విని, తల ఊపి, పటానికి ఇంకా దగ్గరగా జరిగింది.

"ఎవలైతేంది టీచరమ్మా. నోరు జూడు, అచ్చం మా ముసలాయనదే."

మామకు గడ్డం ఎక్కడిదని నేను నోరు జారాను.

"పోయినకాడ గడ్డం గీకెటోడు ఎవడున్నడే?"

ఖాలా పలక మొహానికి అడ్డం పెట్టుకుంది. పలక వణుకుతోంది. టీచరమ్మ గోడవైపు తిరిగింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్త మాత్రం వెలిగిపోతోంది. కింద రాసిందేమిటో చదవమంది. అది తెలుగు కాదు. లాటిను భాషట, టీచరమ్మకే రాదు.

"ఆ అక్షరాలు మాకింక రాలే అత్తా," అన్నాను.

"గయి వచ్చెదాంక బడి ఇడువకు. వంట ఫికర్ నీకెందుకు, నేను లేనా?"

దారి పొడుగునా ఎదురైన వాళ్లందరికీ, మా మామకు పిట్ట రొట్టెలు తెచ్చిపెడుతున్న సంగతి చెప్పుకుంటూ ముందు నడిచింది. వెనక ఖాలా, నేను నవ్వాపుకోలేక ఒకరి భుజం ఒకరం పట్టుకుని నడవలేక నడిచాం.

మర్నాటినుంచి నేను గడప ఎక్కగానే, ఆ అక్షరాలు వచ్చాయా అని అత్త అడిగేది. ఇంకా లేదత్తా అంటే, నిమ్మళంగా అన్నం వడ్డించేది.