సరస్సు మీద పసుపు

ఈ ఉదయం కారు మీద పేరుకున్న పైన్ చెట్ల పుప్పొడిలో రెండేళ్ళ మా పాప అరచేతులు అద్దుకుంది. ఎలర్జీ వస్తుందేమోనని గబగబా తుడిచేశాను. అప్పటినుంచి అమ్మే గుర్తొస్తోంది.

ఎనభైల్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అమెరికాలో మేముండే శాంటా క్లారా నుంచి కొండల్లోని ఒక సరస్సుకి వెళ్ళాం. నాన్న పడవకి తెడ్డు వేస్తున్నారు. జూన్‌లో కూడా నీళ్ళు వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. అడుగున రాళ్ళ మీదుగా చేపల నీడలు కదులుతున్నాయి. ఒడ్డువార నీటి మీద పసుపుపచ్చటి పొడి తేలుతోంది.

"గంగమ్మకి ఎవరో పసుపు చల్లినట్టు లేదూ!" చీర మీద లైఫ్ జాకెట్ వేసుకున్న అమ్మ వంగి, నీళ్ళు తీసి తన నెత్తిన, నా నెత్తిన చల్లింది.

పక్క పడవలోవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు.

"స్టాప్ ఇట్, అమ్మా! అది పసుపు కాదు, పోలెన్. నీకేం తెలీదు!" అంటూ జుట్టు తుడుచుకున్నాను.

"సర్లే," అంది అమ్మ. ఒడ్డు చేరేదాకా చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది.

నేను కాలేజీలో చేరే ఏడు ఆవిడ పెట్టెలో బీఎస్సీ బోటనీ రికార్డు కనిపించింది. ఒక పేజీలో పైన్ పుప్పొడి రేణువు, దాని రెండు రెక్కలతో సహా, పెన్సిల్‌తో శ్రద్ధగా గీసి ఉంది.

అప్పుడు అమ్మ పక్కనే, వంటింట్లో ఉంది. నేను పుస్తకం మూసి, ఉన్నచోటే పెట్టేశాను.