ఉరుకుందు మెడలో పూసలు

ఎనభై రెండులో నా మనవడు ఉరుకుందు ఎమ్మిగనూరు బడిలో ఏడో తరగతి. ఆడపిల్లలా నడుస్తాడని తోటి పిల్లలు రోజూ చొక్కా చింపి కొట్టేవాళ్లు. వెళ్లి అయ్యవారిని అడిగాను.

"మగోని మాదిరి నడవమని సెప్పుకోమ్మా" అన్నాడు.

"వాడు నడిసేది నీ నెత్తి మీద కాదు గదప్పా!" అని తిట్టి వచ్చాను.

మేం మొక్కే దేవత హులిగెమ్మ తల్లి పూసలు మెడలో పడితే బతికినంత కాలం ఆ తల్లి మనిషే, ఎవరూ చెయ్యి వెయ్యరు. అందుకే వాడికి కట్టించాను. నిజంగానే మర్నాడు ఒక్క దెబ్బా పడలేదు. అయ్యవారే లేచి వాడికి దండం పెట్టాడు.

"తల్లి సొత్తువి, నీకు సదువెందుకప్పా? ఇల్లిల్లూ తిరిగి జోగు అడుక్కో పో" అని బడిలో పేరు కొట్టేశాడు.

ఇంటికొచ్చి ఉరుకుందు ఏడ్చాడు. "ఏందవ్వా ఇట్ల సేస్తివి? దెబ్బలు తిన్యా ఆడ సదువుకుంటాంటి గదా!"

ఆ పూసలు తెంపే ధైర్యం నాకు లేకపోయింది.