ఖాజా చాచా తెర వెనక రైలు

పోయినేడు వేసవిలో వరంగల్ మట్టెవాడలో ఒక హాస్య చిత్రానికి సౌండ్ రికార్డిస్టుగా పనిచేశాను. మూతపడబోతున్న పాత వెరైటీ షోల హాలును కళాకారులంతా కలిసి కాపాడుకోవడం కథ. షూటింగూ అలాంటి హాల్లోనే. ఒకప్పుడు ఆ స్టేజి మీద మిమిక్రీ చేసిన ఖాజా చాచాకు ఒక సీను ఇచ్చారు.

ప్రేక్షకులుగా వాడకట్టు వాళ్లనే కూర్చోబెట్టారు. ముందు వరుసలో ఆయన భార్య షాహిదమ్మ. చాచా షేర్వాణీ లోపల నేను లేపెల్ మైక్ పెట్టాను. బట్టలకు తగిలించే చిన్న మైకు అది. గుసగుస కూడా నా హెడ్‌ఫోన్‌కు చేరుతుంది.

చాచా కాజీపేట స్టేషన్లో రైలు కదిలే చప్పుడు చేశాడు. హాలంతా చప్పట్లు.

"కట్! చాచా, ఇక్కడ మీరు ఫెయిల్ కావాలి. జనం నవ్వాలి. అప్పుడే హీరో వస్తాడు," అన్నాడు డైరెక్టర్.

"ఫెయిల్ అని నాకెవ్వలు చెప్పలే సార్." షేర్వాణీ సర్దుకుని, "సరే, తియ్యుండ్రి," అన్నాడు.

రెండోసారి కావాలనే తడబడ్డాడు, దగ్గాడు. అసిస్టెంట్ డైరెక్టర్ చెయ్యి ఊపగానే ప్రేక్షకులంతా నవ్వారు. షాహిదమ్మ నవ్వలేదు.

"జర నవ్వు షాహిదా," అని చాచా గొణిగింది నాకొక్కడికే వినబడింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

టేక్ ఓకే అయింది. చాచా మైకుతోనే తెర వెనక్కి వెళ్లాడు. అక్కడ ఒక్కడే మళ్లీ రైలు చప్పుడు చేశాడు, మొదటిసారి కంటే బాగా. సగంలో ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది. అంతా నా హెడ్‌ఫోన్‌లో వినబడుతోంది. నేను ఆగలేక హెడ్‌ఫోన్ తీసి డైరెక్టర్ చెవులకు పెట్టాను. ఆయన ముఖం పాలిపోయింది. ఇద్దరం తెర వెనక్కి వెళ్లాం.

"తప్పయింది చాచా. సీను మార్చేస్తాను," అన్నాడాయన.

ఎలా తెలిసిందా అన్నట్టు చాచా మమ్మల్ని చూశాడు. ఛాతీ తడుముకుంటే మైకు చేతికి తగిలింది.

"గిదంత ఇన్నవా బేటా? సార్‌కు గూడ ఇనిపిచ్చినవా?"

అవునన్నట్టు తల ఊపాను.

"స్టేజి మీద నవ్విన్రు, ఫికర్ లేదు. అది వేషం. ఇది నా ఏడుపు గద. గిది గూడ మీకేనా?"

సీను మార్చొద్దన్నాడు. తెర వెనక రికార్డయింది మాత్రం తన ముందే చెరిపేయమన్నాడు. చెరిపేశాను. ఆయన రికార్డింగ్ మిషన్ వైపు కాక నా ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. సిగ్గుతో నేను తల ఎత్తలేకపోయాను.

ఆయనకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. జాలి కలిగినంత మాత్రాన ఒకరి దుఃఖాన్ని ఇంకొకరి చెవిలో వేసే హక్కు రాదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు "కట్" అనగానే ముందు నటుల మైకు ఛానెల్ మూసేస్తాను. డైరెక్టర్ వైపు చూసేది ఆ తర్వాతే.