పేపర్ టఫ్ వచ్చింది

మా నారాయణఖేడ్‌లో పరీక్ష రాసి బయటికొచ్చినవాడు ఎవడైనా సరే ఒకటే మాట అనాలి: "టఫ్ వచ్చిందన్నా." బాగా రాసినవాడు కూడా అదే అనాలి. టఫ్ అంటే కష్టమని నిఘంటువు చెబుతుంది. నిఘంటువు రాసినాయన మా బస్టాండులో ఎప్పుడూ నిలబడి ఉండడు. ఇక్కడ ఫెయిలైతే తప్పు పేపర్‌ది, పాసైతే గొప్ప మనది. అంతవరకే ఆ మాటకు అర్థం. ఆఫీసుల్లోనైతే, "కొంచెం టఫ్ ఉంటది" అని గుమాస్తా అన్నాడంటే పని కాదని, మళ్లీ రావద్దని. పెళ్లి సంబంధాల్లో "వాళ్లు జర టఫ్" అన్నారంటే మనం వాళ్ల కంటికి ఆనలేదని.

నేను ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ చెబుతాను. సర్కారు టీచరు పరీక్ష మూడుసార్లు రాశాను. మూడుసార్లూ పేపర్ టఫ్. ఇంట్లో అందరూ నమ్మారు, అందరికంటే ముందు నేను నమ్మాను.

అలాంటి ఇంట్లో మా అక్క ముప్పై ఎనిమిదేళ్లకు ఓపెన్ టెన్త్‌కు కట్టింది. ఆరో తరగతిలో బడి మాన్పించి చెరుకు కోతకు తీసుకెళ్లారు ఆమెను. అప్పటినుంచి ఏటా దసరా దాటితే కర్ణాటక తోటలే. ఆ ఏడు ఇక్కడి ఆడపిల్లల హాస్టల్లో ఆయా పని ఖాళీ అయింది. "పది పాసై రా, నీకే ఇస్త. జూన్ దాంక ఆగుత," అంది వార్డెనమ్మ. ఆ పని దొరికితే అక్క ఇక చెరుకు కత్తి పట్టనక్కర్లేదు.

ఆ ఏడు కోతకు పోకుండా చదువుకు కూర్చుంది. ఇంగ్లిష్ చెప్పే భారం నాది. రోజూ పుస్తకం తెరుస్తూనే "ఇది నీకు జర టఫ్ అక్కా" అని మొదలుపెట్టేవాణ్ని. అంతటి గురువుని.

పరీక్షల ముందు ఆదివారం మా చర్చిలో హాల్‌టికెట్ల ప్రార్థన ఉంటుంది. పిల్లలంతా హాల్‌టికెట్లు, పెన్నులు పట్టుకుని ముందుకెళ్లి వరసగా మోకరిస్తారు. వాళ్ల మధ్య అక్క కూడా మోకరించింది, తలమీద కొంగు కప్పుకుని. పాస్టరయ్య కళ్లు మూసుకుని, "ప్రభువా, పేపర్ టఫ్ రాకుండ జూడు," అన్నాడు. పాపం, దేవుడికి కూడా మా బస్టాండు భాష తప్పలేదు.

ఇంగ్లిష్ పరీక్ష రోజు గేటు దగ్గర నిలబడి అడిగాను.

"ఎట్ల వచ్చింది?"

"అల్కగ వచ్చింది తమ్మీ."

సులువుగా వచ్చిందనే మాట వినగానే చుట్టూ ఉన్నవాళ్లు ఫక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కకు లాగి, "గట్లనకు, రేపేమన్నయితే ఇజ్జత్ పోతది. టఫ్ అను," అన్నాను.

"ఏంది టఫ్? మూడు గంటలు ఫ్యాన్ కింద కూసోవెట్టిండ్రు. నీళ్లు దెచ్చిచ్చిండ్రు. ఒక్కడు తిట్టలే. గిది టఫా?"

జూన్‌లో ఫలితాలొచ్చాయి. అన్నీ పాస్, ఇంగ్లిష్ తప్ప. నేను చెప్పింది ఆ ఒక్కటే. వార్డెనమ్మ ఇంకొకామెను పెట్టుకుంది.

ఆ మాట చెప్పడానికి వెళ్లేసరికి అక్క జొన్నరొట్టె కొడుతోంది. ఎటో చూస్తూ, "పేపరే టఫ్ ఉండె అక్కా. అందరికి గట్లనే అయింది," అన్నాను. ఆ అందరూ ఎవరో నాకూ తెలియదు.

అక్క చెయ్యి ఆపలేదు. "లే తమ్మీ, పేపర్ అల్కనే ఉండె. నాకే రాలే. నువ్వు జెప్పేటప్పుడు సగం సమజ్ కాకపోతుండె."

"మరి అడగాలె గద?"

"రోజు టఫ్ టఫ్ అంటుంటివి. అడిగితె నవ్వుతవనుకున్న."

నవ్వేవాణ్నే. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నా మీద నాకే రోత పుట్టింది. అక్క పెట్టిన రొట్టె మాత్రం తిన్నాను.

దసరా దాటాక చెరుకు కోతకు పోయే లారీ వచ్చింది. అక్క మూట పైకందించింది నేనే.